బొమ్మ బస్తర్‌ది, ముద్ర ఎవరిది?

మహానగరాల హస్తకళల దుకాణాలలో బస్తర్ ఇత్తడి ఏనుగుకు, నెత్తిన కుండ మోస్తున్న గిరిజన స్త్రీ ప్రతిమకు గిరాకీ తక్కువేమీ కాదు. వస్తువును పెట్టిన అట్టపెట్టె మీద దుకాణం పేరు అందంగా అచ్చయి ఉంటుంది, పక్కన దాని లోగో ఉంటుంది, లోపల యజమాని విజిటింగ్ కార్డు ఉంటుంది. మహా అయితే 'బస్తర్ ఢోక్రా' అన్న రెండు మాటలు కలుస్తాయి. ఆ ఏనుగును పోతపోసిన ఘడ్వా కుటుంబం ఏ ఊరిదో, మరో ఏనుగు కావలసినవారు ఎవరిని సంప్రదించాలో చాలా సందర్భాలలో ఎక్కడా రాసి ఉండదు. కొన్నవారి ఇంటికి వస్తువు చేరుతుంది, కొనుగోలుదారు మాత్రం దుకాణదారుకే మిగిలిపోతాడు. రెండోసారి, మూడోసారి వచ్చే బేరమంతా పెట్టె మీద ఎవరి పేరుంటే వారిదే.

లోగో గీయడం, విజిటింగ్ కార్డు కూర్చడం నేర్చుకోవడమంటే పట్నవాసపు కుర్రకారు సరదా అని కొట్టిపారేసేవారు ఈ లెక్కను గమనించాలి. కొండగావ్, జగదల్‌పూర్ వంటి చోట్ల ఆ విద్య కళాకారుని కూలిని ధరగా మార్చగల సాధనాలలో ఒకటి. దాన్ని బస్తర్ యువతకు బస్తర్‌లోనే నేర్పాలన్న ఆలోచన ప్రభుత్వ పథకాలలో ఉండవలసినంత స్పష్టంగా లేకపోవడం విచారకరం.

తెలుగు పాఠకులకు బస్తర్ పరాయి సీమ కాదు. ఓరుగల్లు పతనానంతరం గోదావరి దాటి వెళ్లిన కాకతీయ వంశీకుడు అన్నమదేవుడే అక్కడి రాజవంశానికి మూలపురుషుడని సంప్రదాయం చెబుతోంది. కుంట, భోపాలపట్నం సంతలలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఒకప్పుడు వైశాల్యంలో కేరళ రాష్ట్రాన్ని మించిన ఆ ఒక్క జిల్లా నేడు బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణపూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అనే 7 జిల్లాలుగా చీలి ఉంది. తుపాకుల వార్తలతో పత్రికలకెక్కినంతగా తన చేతిపనులతో ఆ సీమ ఎన్నడూ వార్తలకెక్కలేదు.

చట్టం తన వంతు కొంత చేయకపోలేదు. సరుకుల భౌగోళిక సూచికల చట్టం 1999లో ఆమోదం పొంది 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చింది. ఆ చట్టం కింద బస్తర్ ఢోక్రాకు, బస్తర్ కొయ్యపనికి, బస్తర్ ఇనుపపనికి చెన్నైలోని రిజిస్ట్రీలో నమోదు లభించింది. తర్వాతి కాలంలో ఢోక్రాకు పేరుతోపాటు లోగోను సైతం విడిగా నమోదు చేయించారు. మన కొండపల్లి బొమ్మలకు, నిర్మల్ బొమ్మలకు, తోలుబొమ్మలకు కూడా ఇదే రీతిన లోగోల నమోదు జరిగింది. ఆదిలాబాద్ జిల్లాలో ఓజ్ కళాకారులు పోసే డోక్రా సైతం భౌగోళిక సూచిక పొందినదే.

అయితే ఈ గుర్తింపు స్వభావమేమిటో సరిగ్గా అర్థం చేసుకోవాలి. భౌగోళిక సూచిక ఒక ప్రాంతానికి చెందిన ఉమ్మడి హక్కు. ఈ వస్తువు బస్తర్‌లో ఫలానా పద్ధతిలో తయారైనది అని అది చెబుతుంది, ఎవరు తయారుచేశారో చెప్పదు. ఆ పేరును, చిహ్నాన్ని చట్టబద్ధంగా వాడుకోవాలంటే కళాకారుడు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. అందుకు రుసుము 2020లో చేసిన నిబంధనల సవరణతో 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గింది. రుసుము తగ్గినంత మాత్రాన దరఖాస్తు దానంతటదే నిండదు. నమోదు పొందినవారి చేతిలోనైనా ఆ లోగోను ఏ పరిమాణంలో, ఏ రంగులో, ఏ కాగితం మీద, తన పేరుకు ఏ పక్కన అచ్చువేసుకోవాలో చెప్పగలవారు గ్రామంలో ఉండాలి కదా!

డార్జిలింగ్ తేయాకు ఉదాహరణ ఇక్కడ చూడదగినది. చేత తేయాకు పట్టిన స్త్రీ ముఖం గల ఆ చిహ్నాన్ని టీ బోర్డు 1983లోనే, అంటే ఈ చట్టం పుట్టడానికి ఎంతో ముందే, రూపొందించుకుంది. 2004లో దేశంలో తొలి భౌగోళిక సూచికగా పేరూ చిహ్నమూ నమోదయ్యేనాటికి దాన్ని చూసి గుర్తుపట్టే విదేశీ వర్తకులు ఉన్నారు. బస్తర్ విషయంలో క్రమం తలకిందులైంది. ముందు చట్టం, తర్వాత లోగో. ఆ లోగోను కొనుగోలుదారు కంటికి అలవాటు చేసే పని ఇంకా వెనుకబడే ఉంది. ఒక బోర్డు వెనుక నిలబడిన తోటల యజమానులకూ, అడవి అంచున కుంపటి ముందు కూర్చున్న కుటుంబానికీ గల తేడా అది.

ఢోక్రా తయారయ్యే తీరు తెలిసినవారికి ఇందులోని అన్యాయం మరింత బాగా బోధపడుతుంది. మట్టితో లోపలి అచ్చు చేస్తారు. తేనెమైనాన్ని సన్నని దారాలుగా తీసి దాని మీద చుట్టి నగలు, కనుబొమలు, చీర అంచులు దిద్దుతారు. పైన మళ్లీ మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోతుంది. అది విడిచిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొడితేనే బొమ్మ బయటపడుతుంది. అచ్చు పగిలిపోతుంది గనుక ఒకదాన్ని పోలిన మరొకటి పుట్టదు. మొహెంజొదారో నర్తకి ప్రతిమను పోసినదీ ఈ మైనపు పోత పద్ధతిలోనే. ప్రతి బొమ్మా ఒక్కటే ప్రతిగా పుట్టే కళలో ఆ బొమ్మ చేసినవాడు మాత్రం వందలలో ఒకడుగా, పేరు లేనివాడుగా మిగలడం విడ్డూరం. తన పేరుతో దేశవిదేశాలలో ప్రదర్శనలు ఇవ్వగలిగిన కొండగావ్ శిల్పి జయదేవ్ బఘేల్ వంటివారు ఆ సమూహం నుంచి వేళ్లమీద లెక్కించదగినంతమందే వచ్చారు.

పరిష్కారపు తొలి మెట్టు ఆ మైనపు దారంలోనే ఉన్నదని చెప్పాలి. పోతకు ముందు బొమ్మ అడుగున మైనంతో ఒక చిన్న గుర్తు దిద్దితే అది ఇత్తడిలోకి దిగుతుంది. దాన్ని ఏ దుకాణదారూ చీటీలా పీకివేయలేడు. అయితే చిటికెనవేలి గోరంత చోటులో పోతకు నిలిచే గుర్తు ఎలా ఉండాలి? గీతలు ఎన్ని ఉండాలి, వాటి మధ్య ఎంత ఎడం ఉండాలి? అదే గుర్తు సంచి మీద, కార్డు మీద, ఫోను తెర మీద కూడా గుర్తుపట్టేలా ఉండాలంటే ఏమి వదిలేయాలి? లోగో రచన అనే విద్య అంతా ఈ ప్రశ్నలకు జవాబే. భారతీయ స్టేట్ బ్యాంకు చిహ్నాన్ని తలుచుకుంటే చాలు. అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థకు చెందిన శేఖర్ కామత్ 1971లో రూపొందించిన ఆ నీలి వృత్తంలో ఒక చిన్న రంధ్రం, కిందికి దిగే ఒక చీలిక తప్ప మరేమీ లేవు. రబ్బరు ముద్రగా కొట్టినా, మేడ మీద బోర్డుగా ఎత్తినా అది అదే. 2010 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన రూపాయి చిహ్నం సైతం అటువంటిదే. ఉదయకుమార్ రూపకల్పన చేసిన ఆ అక్షరాన్ని నేడు సంతలో చిల్లర కొట్టువాడు సుద్దముక్కతో పలక మీద రాస్తున్నాడు. అంతకు మించిన పరీక్ష ఏ లోగోకు కావాలి?

గుర్తులు గీయడం బస్తర్‌కు కొత్తగా నేర్పవలసిన సంగతి కాదు. చనిపోయినవారి జ్ఞాపకార్థం మారియా గోండులు దారి పక్కన నిలిపే స్తంభాల మీద ఆ మనిషి జీవితం బొమ్మలలో కనిపిస్తుంది. జంతువులు, పక్షులు, నృత్యాలు సరే, కొత్త తరం స్తంభాల మీద సైకిళ్లు, మోటారు వాహనాలు కూడా చోటుచేసుకున్నాయి. ఒక మనిషిని నాలుగు బొమ్మలలో చెప్పడమే కదా విజిటింగ్ కార్డు చేయవలసిన పని. పచ్చబొట్లు, ఇనుప దీపాల మీది పక్షులు, కొయ్య దువ్వెనల మీది చెక్కడాలు ఇదే కోవలోకి వస్తాయి. చేతిలో గీత ఉంది, కంటిలో కొలత ఉంది. అచ్చు యంత్రానికి, అంగడికి తగినట్టుగా ఆ గీతను మలిచే శిక్షణ లేదు.

శిక్షణ ఇస్తే ఫలితం ఎలా ఉంటుందో కాంకేర్ జైలు చూపింది. కొయ్యను అక్షరాలుగా చెక్కే అజయ్‌కుమార్ మండావి అక్కడి ఖైదీలకు ఆ పని నేర్పారు. వారిలో మావోయిస్టు కేసులలో బందీలైనవారు అధికం. ఉలి పట్టిన ఆ చేతులు కొయ్యలో అక్షరాలు, వాక్యాలు, గ్రంథభాగాలు తీర్చాయి. ఆ కృషికి ఆయనను 2023లో పద్మశ్రీ వరించింది. 2025లో నారాయణపూర్ ప్రాంతపు కొయ్యశిల్పి, వెదురు వాద్యాల తయారీదారు పండీరాం మండావి అదే పురస్కారం అందుకున్నారు. అక్షరానికి తూకం ఎక్కడ ఉంటుంది, రెండు అక్షరాల నడుమ ఎంత ఖాళీ విడవాలి అన్నది కొయ్య మీద నేర్చినవాడికి కంప్యూటరు తెర మీద నేర్పడం కష్టమేమీ కాదు. తెర మీద మొదలుపెట్టినవాడికి కొయ్య నేర్పడమే కష్టం.

2025 అక్టోబరులో జగదల్‌పూర్‌లో ఒక్కరోజే 210 మంది మావోయిస్టులు ఆయుధాలు అప్పగించారు. ఇటువంటివారి కోసం నడిపే శిక్షణ అనగానే తాపీపని, డ్రైవింగు, కుట్టుపనే గుర్తుకు రావడం ఆనవాయితీ. అవి అవసరమే. కానీ జగదల్‌పూర్ వీధులలో ఫ్లెక్సీ దుకాణాలు, డిజిటల్ అచ్చు యంత్రాలు, పెళ్లిపత్రికల కొట్లు ఏ ఇతర జిల్లా కేంద్రంలోనైనా ఉన్నట్టే ఉన్నాయి. పనికి కొరత లేదు. ఆ దుకాణాలలో తయారయ్యే కార్డులు మాత్రం రాయ్‌పూర్‌లోనో నోయిడాలోనో ఎవరో చేసిన నమూనాలకు పేరు, ఫోను నంబరు మార్చినవే ఎక్కువ. పురుగుమందుల కొట్టుకూ, వెదురు బుట్టలల్లే సంఘానికీ ఒకటే బంగారు అంచు!

ఐటీఐ ట్రేడుల జాబితాలో డీటీపీ ఆపరేటరు కోర్సు ఉంది, కంప్యూటరు ఆపరేటరు కోర్సు ఉంది. వాటిలో ఏ మీట నొక్కితే ఏమవుతుందో నేర్పుతారు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం 18 వృత్తులవారికి రోజుకు 500 రూపాయల భృతితో శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతలలో 3 లక్షల రూపాయల వరకు రుణం ఇస్తోంది. బ్రాండింగుకు, ప్రచారానికి తోడ్పాటు ఇస్తామనీ అందులో రాసి ఉంది. కమ్మరి, వడ్రంగి, శిల్పి, బొమ్మలు చేసేవారు ఆ 18లో ఉన్నారు. బోర్డులు రాసే చిత్రకారుడు లేడు. ఫ్లెక్సీ వచ్చాక కుంచె పక్కన పెట్టిన వేలాది మందికి అక్షరం ఎలా నిలబడాలో తెలుసు. వారే ఈ కొత్త విద్యకు మొదటి ఉపాధ్యాయులు కాదగినవారు. వారిని జాబితాలో చేర్చాలన్న యోచన ఢిల్లీకి తట్టకపోవడం శోచనీయం.

ఇక నేర్పవలసిన దాని సంగతి. కంప్యూటరు ముందు కూర్చోబెట్టడానికి ముందే కాగితం, పెన్సిలు చాలు. ఒకే రంగులో, ఒకే గీతతో మొదలుపెట్టించాలి. నలుపులో నిలవని గుర్తు ఏడు రంగులలోనూ నిలవదు. తర్వాత అచ్చు పనికి సంబంధించిన నాలుగు లెక్కలు వస్తాయి. మన దేశంలో కార్డు సుమారు 9 సెంటీమీటర్ల పొడవు, 5 నుంచి 5.5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. కత్తిరింపులో అంచు పోకుండా చుట్టూ 3 మిల్లీమీటర్ల రంగు అదనంగా వదలాలి. తెర మీద మెరిసే రంగు కాగితం మీద మందగిస్తుంది, కారణం తెర వెలుగుతో రంగులు కలుపుతుంది, ముద్రణాలయం నాలుగు సిరాలతో కలుపుతుంది. చుక్కలతో కూడిన బొమ్మను పెద్దది చేస్తే పగులుతుంది, గీతల లెక్కగా దాచిన బొమ్మ ఎంత పెంచినా పగలదు. ఇవి వారం రోజులలో చెప్పగలిగిన సంగతులు. ఏడాది పట్టేది మరొకటి ఉంది. కార్డు అడగవచ్చిన మనిషిని, అతని వృత్తిని, అతని కొనుగోలుదారును అడిగి తెలుసుకోవడం. కమ్మరి ఇంటికి వెళ్లి గంటసేపు కూర్చోకుండా కమ్మరికి లోగో గీయబూనడం రోగిని చూడకుండా మందు రాయడం వంటిది.

లిపి విషయమూ తేలికగా తీసుకోవలసింది కాదు. బస్తర్‌లో హల్బీ, గోండీ, దోర్లీ మాట్లాడేవారి కార్డులు హిందీలోనో ఇంగ్లీషులోనో అచ్చవుతున్నాయి. గోండీకి స్వంత లిపులే ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలోని వ్రాతప్రతుల ద్వారా వెలుగుచూసిన గుంజాల గోండి లిపి 2018లోను, మున్షీ మంగళ్‌సింగ్ మసారాం రూపొందించిన మరో లిపి అంతకు ఏడాది ముందు 2017లోను యూనికోడ్‌లో చేరాయి. కాబట్టి కంప్యూటరులో ఆ అక్షరాలు వాడడానికి అడ్డంకి తొలగినట్టే. కార్డుకు ఒక వైపు కొనేవారి భాష, మరో వైపు చేసినవారి లిపి ఉంటే తప్పేమిటి? తెలుగు పుస్తకాల అట్టలకు బాపు చేతివ్రాత ఎంతటి గుర్తింపు తెచ్చిందో మనవారు మరువలేదు. అక్షరమే ఒక లోగో కాగలదనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

బస్తర్ అనగానే అడవిదున్న కొమ్ముల తలపాగా, డోలు, నృత్యం గీసి చేతులు దులుపుకునే అలవాటు పైనుంచి వచ్చే డిజైనర్లలో కనిపిస్తుంది. దండామి మారియాలు వేడుకలలో ధరించే ఆ తలపాగాను సబ్బు పెట్టె మీదికీ, ఫలహారశాల బోర్డు మీదికీ ఎక్కించే ముందు వారిని అడిగినవారెవరు? దంతేశ్వరి అమ్మవారి రూపం సంగతీ అంతే. ఏ గుర్తు అంగడిది, ఏ గుర్తు గుడిది అన్న వివేకం అక్కడ పుట్టి పెరిగినవారికి ఉంటుంది. శిక్షణ బస్తర్‌లోనే జరగాలనడానికి ఇది ఒక్కటే చాలిన కారణం.

ఉచిత నమూనాలు, కృత్రిమ మేధ వచ్చాక ఈ విద్య ఎవరికి కావాలన్న ప్రశ్న సహజంగా ఎదురవుతుంది. నిజమే, పేరు టైపు చేస్తే క్షణంలో పది లోగోలు చూపే ఉపకరణాలు నేడు ఫోనులోనే ఉన్నాయి. ఆ మేరకు కేవలం కార్డులు కూర్చి పొట్టపోసుకునే బేరం సన్నగిల్లక తప్పదు. శిక్షణ సంస్థలు ఈ సంగతి దాచి ఉద్యోగాల ఆశ చూపడం మోసమే అవుతుంది. అయితే అందరికీ లభించే నమూనాను ఎవరూ తమదిగా నమోదు చేయించుకోలేరు. వేలమంది వాడే ఆకు బొమ్మ ఎవరి ముద్రా కాదు. గీసిన ముద్ర తనదే అని నిరూపించుకోవలసి వచ్చినప్పుడు చేతి చిత్తులే ఆధారం.

అందువల్ల గీతతోపాటు చట్టమూ నేర్పాలి. ట్రేడ్‌మార్కు నమోదుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు, ఇతరులకు 9,000. నమోదు పదేళ్లు చెల్లుతుంది, ఆపై పునరుద్ధరించుకోవచ్చు. ఒక్క కుటుంబానికి 4,500 భారమే, పదిమంది కలిసిన సంఘానికి కాదు. లోగో గీయించుకున్నప్పుడు హక్కులు ఎవరివన్నది కాగితం మీద రాసుకోవాలి. స్నేహితుడు గీశాడు కదా అని ఊరుకున్నవారు వ్యాపారం పెరిగాక చిక్కులలో పడే ప్రమాదం ఉంది. భౌగోళిక సూచికను అబద్ధంగా వాడినవారికి 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా చట్టంలో ఉన్నాయి. యంత్రాలలో పోసిన నకిలీ ఏనుగును పట్టించాలంటే అసలు ఏనుగు మీద ముద్ర ఉండాలి.

ప్రభుత్వానికి దీని విలువ తెలియదనలేము. దంతెవాడ దుస్తుల కర్మాగారానికి 2021లో 'డానెక్స్' అనే బ్రాండు పేరు పెట్టి అంగడికి తెచ్చింది ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమే. దర్భా కొండలలో పండే కాఫీని బస్తర్ పేరుతో అమ్ముతున్నారు. మన్యం రైతుల అరకు కాఫీ 2017లో పారిస్ నగరంలో దుకాణం తెరవడంలో గింజ నాణ్యతతోపాటు ఆ డబ్బా అందానికీ వాటా ఉన్నదని ఒప్పుకోవాలి. ఈ పనులన్నింటిలో పేర్లు, చిహ్నాలు పైనుంచి దిగినవే. కుట్టేవారు, పండించేవారు ఒకవైపు, గీసేవారు మరోవైపు. గీసే పనికీ కూలి ఉంటుందనీ, ఆ కూలి సాధారణంగా కుట్టుపని కూలికన్నా మెరుగనీ గుర్తిస్తే ఆ డబ్బు జిల్లా దాటిపోకుండా చూడాలన్న ఆలోచన కలుగుతుంది. అహ్మదాబాద్ తరువాత ఆంధ్రప్రదేశ్, హర్యానా, మధ్యప్రదేశ్, అస్సాంలలో జాతీయ డిజైన్ సంస్థలు వెలిశాయి. ఆ వరుసలో ఛత్తీస్‌గఢ్ లేదు. సంస్థే రావాలని పట్టుబట్టనక్కరలేదు. కొండగావ్‌లో ఒక గది, నాలుగు కంప్యూటర్లు, ఒక చిన్న అచ్చు యంత్రం, భోపాల్ నుంచి విడతలవారీగా వచ్చే ఇద్దరు అధ్యాపకులు చాలు.

రాష్ట్ర హస్తకళల అభివృద్ధి మండలి అంతకన్నా ముందే చేయగల పని ఒకటుంది. తన 'శబరి' దుకాణాలలో అమ్మే ప్రతి వస్తువుకు చేసినవారి పేరు, ఊరు, గుర్తు గల చీటీ ఉండి తీరాలని, వారి కార్డు బల్ల మీద ఉంచాలని ఒక ఉత్తర్వు ఇస్తే ఖర్చు కాగితానిదే. ఫిబ్రవరిలో సూరజ్‌కుండ్ మేళాకు దేశం నలుమూలల నుంచి కళాకారులు తరలివెళతారు. 1987లో మొదలైన ఆ తిరునాళ్లకు బస్తర్ నుంచి బయలుదేరేవారి మూటలలో ఇత్తడితోపాటు ఒక్కొక్కరికి 500 కార్డులు ఉండేలా డిసెంబరులోగా అచ్చువేయించే బాధ్యతను మండలి తీసుకోవచ్చు. గీయడం మాత్రం కొండగావ్‌లోనే జరగాలి.